ప్రాంక్ సినిమాలో ఉన్నది మనమే

(డాలస్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం ఒక అమ్మ చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారం అండీ. వెనకాల వినపడుతోందా? ఆఁ, చెయ్యి ఊపారు, సరే.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే ‘టీనేజ్ పిల్లలు, సినిమాలు, పెద్దల బాధ్యత’. ఆ పేరు చూస్తేనే నాకు ఆవలింతొచ్చింది, ఇక మీ సంగతి చెప్పక్కర్లేదు, పైగా భోజనాలకి ముందు స్లాట్ నాది, పక్క హాల్లోంచి గుత్తొంకాయ వాసన వచ్చేస్తోంది. అందుకని బాధ్యత సంగతి కాసేపు పక్కనపెట్టి ఒక పిచ్చి సినిమా గురించి మాట్లాడతాను. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదండోయ్, బూతులు, వాంతులు, నడిరోడ్డు మీద బట్టల్లేకుండా నిలబడటం, అన్నీ ఉన్నాయి అందులో. మా వాడికి 16, అమ్మాయికి 14. నలుగురం హాల్లో సోఫా మీద కూర్చుని చూశాం. అందరికంటే ఎక్కువ నవ్విన మనిషిని నేనే.

(నవ్వులు)

కొంతమంది మొహాలు మారాయి, ఇక్కడికి కనపడుతున్నాయి. పర్లేదు, వినండి, తర్వాత తిడుదురుగాని.

సినిమా పేరు ‘బ్యాడ్ ట్రిప్’. 2021 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఎరిక్ ఆండ్రే అని ఒక కమెడియన్, ఆయనతో లిల్ రెల్ హవరీ, టిఫనీ హాడిష్. డైరెక్టర్ కితావ్ సకురాయ్. నిజానికి థియేటర్లకి రావాల్సిన బొమ్మ అది, 2020 ఏప్రిల్‌కి డేట్ కూడా వేసుకున్నారు, ఈలోపు కోవిడ్ వచ్చి హాళ్ళన్నీ మూతబడ్డాయి, అదే నెలలో ప్రైమ్ వీడియోలో పొరపాటున కాసేపు బయటికొచ్చేసింది, దొరికినవాళ్ళు దొరికినట్టు చూసేశారు, చివరికి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు కొనుక్కున్నారు. ప్రాంక్ సినిమా తీసినవాళ్ళకే ప్రాంక్ అయిపోయిందన్నమాట.

కథ అడిగితే రెండు ముక్కలు. ఫ్లోరిడాలో పనీపాటా సరిగ్గా లేని ఒకడు, స్కూల్లో మనసు పడ్డ అమ్మాయి ఇన్నేళ్ళకి కనపడుతుంది, ఆ అమ్మాయిది న్యూయార్క్‌లో ఆర్ట్ గ్యాలరీ, వీడు ఫ్రెండుని లాక్కుని, ఆ ఫ్రెండ్ అక్క జైల్లో ఉంటే ఆవిడ గులాబి రంగు కారు చెప్పాపెట్టకుండా తీసుకుని న్యూయార్క్ బయల్దేరతాడు, ఆ అక్క జైలు నుంచి తప్పించుకుని వీళ్ళ వెంట పడుతుంది. ఇలాంటి కథలు మన వాళ్ళు నిద్రలో రాస్తారు. కానీ అసలు సంగతి ఇక్కడుంది, ఆ నలుగురైదుగురు నటులు తప్ప చుట్టూ ఉన్న జనానికి ఇది సినిమా అని తెలీదు. కార్ వాష్‌కి వచ్చిన కస్టమర్ నిజం కస్టమరే. షాపింగ్ మాల్‌లో బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ నిజంగా కాళ్ళు నొప్పెట్టి కూర్చున్నావిడే. కెమెరాలు దాచిపెట్టి ఉంటాయి, వీళ్ళు వాళ్ళ మధ్యలోకి వెళ్ళి సీన్ చేసేస్తారు, వాళ్ళెలా స్పందిస్తే అదే సినిమా. అంతా అయ్యాక టీమ్ పరిగెత్తుకొచ్చి, అయ్యా ఇది షూటింగ్, మీకిష్టమైతే ఈ కాగితం మీద సంతకం పెట్టండి అని అడుగుతారు. మొహం చూపించాలంటే ఆ సంతకం ఉండాలి. అందుకే ఇలాంటి సినిమాలు ఊరికే తీసినట్టు కనపడతాయిగానీ వెనక లాయర్ల పని చాలా ఉంటుంది. సినిమా అయిపోయాక పేర్లు పడేటప్పుడు, వాళ్ళకి నిజం చెప్పిన క్షణాలు వరసగా వేస్తారు, ఆ కాసేపూ చూడాలి మీరు, ఒక్కొక్కరి మొహాల్లో భయం పోయి నవ్వు వచ్చే తీరు, కొంతమంది వీళ్ళని వాటేసుకుంటారు కూడా. నేను ఆ భాగం రెండోసారి వెనక్కి తిప్పి చూశాను.

మొదట్లోనే ఒక సీనుంది. హీరో కార్ వాష్‌లో పని చేస్తుంటాడు, అక్కడికి ఆ అమ్మాయి వస్తుంది, వీడు కంగారులో ఉండగా కారు శుభ్రం చేసే పెద్ద వ్యాక్యూమ్ గొట్టం వీడి యూనిఫాం మొత్తం లాగేసుకుంటుంది, మనవాడు పుట్టినప్పుడు ఎలా ఉన్నాడో అలా నిలబడతాడు. పక్కన కారు తుడిపించుకుంటున్న కస్టమర్ ఒకాయన. సరిగ్గా ఇక్కడ మా ఇంట్లో ఏమైందో చెప్తాను. మా వాడు హీరోని చూసి నవ్వుతున్నాడు. మా అమ్మాయి కుషన్ మొహానికి అడ్డం పెట్టుకుని పైనుంచి ఒక కన్నుతో చూస్తోంది. మా వారు ఉన్నట్టుండి ఫోన్‌లో ఏదో ముఖ్యమైన ఈమెయిల్ చదవడం మొదలెట్టారు, ఆదివారం రాత్రి. నేను మాత్రం ఆ కస్టమర్‌ని చూసి నవ్వుతున్నాను. ఆ మనిషి మొహం చూడండి ఒకసారి, కోపం కాదు, అసహ్యం కాదు, ‘ఓరి దేవుడా ఇప్పుడు నేను వీణ్ణేం చెయ్యాలి’ అన్న మొహం అది. ఆ మొహం నాకు తెలుసు. రోజూ పొద్దున్న ఏడు గంటలకి, బస్సొచ్చే టైముకి మా వాడు ‘అమ్మా ఇవాళ ప్రాజెక్ట్ సబ్మిట్ చెయ్యాలి, చార్ట్ పేపర్ ఉందా’ అంటాడు చూడండి, అప్పుడు బాత్రూం అద్దంలో కనపడే మొహం అదే.

(నవ్వులు)

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదేనండి. పిల్లలు ఆ సినిమాని వెధవ పనులు చేసేవాడి వైపు నుంచి చూస్తారు. మనం పక్కన నిలబడ్డవాడి వైపు నుంచి చూస్తాం. ఒకే సోఫా మీద కూర్చుని రెండు వేరే సినిమాలు చూస్తున్నాం అన్నమాట, రెండూ కామెడీలే. అందుకే చెప్తున్నా, ఈ తరహా సినిమాలు కుర్రాళ్ళ కోసం తీశారని అందరూ అనుకుంటారుగానీ వీటిల్లో అసలు పాత్రలు నడివయసు వాళ్ళు. ముక్కూ మొహం తెలియని ఒక పిచ్చోడు ఎదురుపడితే వాడికి నాలుగు మంచి మాటలు చెప్పడానికి నానా తంటాలు పడే పెద్దమనుషులు.

‘బ్యాడ్ ట్రిప్’లో అలాంటివాళ్ళు ఎంతమందో. ఆ అక్క వేషం వేసిన టిఫనీ హాడిష్ ఖైదీ బట్టల్లో ఉండి పోలీసు బస్సు కింద నుంచి పాక్కుంటూ వస్తుంది, అక్కడ తన మానాన తను పని చేసుకుంటున్న ఒకాయన్ని సాయం అడుగుతుంది. ఆయన పరిస్థితి ఊహించుకోండి, అటు పోలీసు, ఇటు ఈవిడ. ఇంకోచోట కారు బోల్తా పడి ఫ్రెండ్స్ ఇద్దరూ అందులోంచి బయటపడి నడిరోడ్డు మీద కొట్టుకుంటుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళు వచ్చి విడదీస్తారు, సర్ది చెప్తారు. ఎవరూ అడగలేదు వాళ్ళని. మనం ఇంట్లో రోజూ చేసే డ్యూటీనే రోడ్డు మీద చేస్తున్నారు, జీతం లేకుండా.

దీనికంటే ముందు 2013లో ‘బ్యాడ్ గ్రాండ్‌పా’ అని ఒకటి వచ్చింది. ఎంటీవీలో 2000లో మొదలైన ‘జాకాస్’ బ్యాచ్ తీసింది, ఒళ్ళు విరగ్గొట్టుకునే స్టంట్లూ ప్రాంకులూ చేసే బ్యాచ్ అది, జానీ నాక్స్‌విల్ అనే ఆయన 86 ఏళ్ళ ముసలాయన వేషం వేశాడు. ఆ మేకప్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది, అంత బాగా కుదిరింది మరి, లేకపోతే జనం ఎదురుగా నిలబడి నమ్మరు కదా. తాతా, ఎనిమిదేళ్ళ మనవడూ ఊళ్ళు తిరుగుతుంటారు. అందులో తాత మనవణ్ణి వాళ్ళ నాన్నకి అప్పగించే సీనుంది. ఆ నాన్న పాత్ర వేసినతను, ఈ పిల్లాడు నాకెందుకు, వాడితో పాటు వచ్చే డబ్బు కావాలి అన్నట్టు మాట్లాడతాడు. ఆ రెస్టారెంట్‌లో మిగతా టేబుళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు ‘గార్డియన్స్ ఆఫ్ ది చిల్డ్రన్’ అనే బైకర్ల సంస్థ వాళ్ళు, కష్టాల్లో ఉన్న పిల్లలకి అండగా నిలబడటమే వాళ్ళ పని. నల్ల లెదర్ జాకెట్లు, చేతుల నిండా టాటూలు. ఇది నాటకమని వాళ్ళకి తెలీదు. ఒక్కొక్కరూ కుర్చీల్లోంచి లేవడం మొదలెట్టారు. ఆ లేవడం చూస్తుంటే నాకు నవ్వుతో పాటు గొంతుకి ఏదో అడ్డం పడింది, బూతు సినిమాలో ఏడుపేంటి అని మా అమ్మాయి నా వైపు వింతగా చూసింది.

మా అమ్మమ్మ గారి ఊరు తెనాలి దగ్గర. మా అమ్మ చెప్పేది, సంక్రాంతి రోజుల్లో పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళట. ఇక్కడ కొంచెం పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్టేజీ ఉండదు, తెర ఉండదు, పట్టపగలు ఒకడు పోలీసు వేషంలోనో సర్కారు అధికారి వేషంలోనో వీధిలోకి దిగి, నీ అరుగు రోడ్డు మీదకి వచ్చింది, జరిమానా కట్టు అని హడావిడి చేసేవాడు, ఇంటాయన నిజమనుకుని బెంబేలెత్తిపోవడం, చుట్టూ జనం చేరడం, చివరికి వేషం అని చెప్పేసి దణ్ణం పెట్టి బియ్యమో డబ్బులో పుచ్చుకుని వెళ్ళడం. పిట్టలదొర అయితే ఇంకా, తలకి టోపీ, భుజాన చెక్క తుపాకీ, నోరు విప్పితే అన్నీ కోతలే. అదే కళ. చివర్లో దణ్ణం ఉంది చూశారా, అది నాకు ముఖ్యం. ఈ సినిమాలో సంతకం కాగితం ఎక్కడుందో ఆ వేషంలో దణ్ణం అక్కడుంది.

అమెరికాలో కూడా ఇది కొత్తేం కాదు. అలెన్ ఫంట్ అని ఒకాయన 1947లో రేడియోలో దొంగచాటు మైక్‌తో మొదలెట్టి, మరుసటి ఏడాది టీవీకి తెచ్చాడు, ‘క్యాండిడ్ కెమెరా’. అందులో 1962 నాటి ఒక లిఫ్ట్ ముక్క ఉంది, యూట్యూబ్‌లో దొరుకుతుంది, పిల్లలకి చూపించండి తప్పకుండా. లిఫ్ట్‌లో ఒకాయన ఎక్కుతాడు, మిగతావాళ్ళంతా వీళ్ళ మనుషులే, అందరూ తలుపు వైపు కాకుండా గోడ వైపు తిరిగి నిలబడతారు. పాపం ఆయన అటు చూసి ఇటు చూసి, వాచీ చూసుకున్నట్టు నటించి, మెల్లమెల్లగా తనూ గోడ వైపు తిరిగిపోతాడు. ఒక్క బూతు లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మా అమ్మాయి అది చూసి, ‘మామ్, దిస్ ఈజ్ మిడిల్ స్కూల్’ అంది, బడిలో అందరూ ఎటు తిరిగితే తనూ అటే తిరగాలని. నేనింకేం చెప్పాలి దానికి.

సరే, ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మొహమాటానికి అడగట్లేదు. ఆర్ రేటింగ్ సినిమా పద్నాలుగేళ్ళ పిల్లకి చూపించావా అని. చూపించాను. ఈ దేశంలో ఆర్ అంటే 17 లోపు పిల్లలు ఒంటరిగా రాకూడదు, తల్లో తండ్రో పెద్దవాళ్ళో పక్కనుండాలి అని. 1968లో ఈ రేటింగులు మొదలైనప్పటి నుంచీ ఆర్ అంటే లెక్క అదే, వయసు మాత్రం మొదట 16 ఉండేది. మన దగ్గర ఎ సర్టిఫికెట్ అలా కాదు, పద్దెనిమిది నిండకపోతే అమ్మానాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళినా హాల్లోకి రానివ్వకూడదు. రెండు పద్ధతుల్లో ఏది మంచిదో నేను తేల్చనుగానీ, ఇక్కడి పద్ధతిలో ఒక మాట దాగుంది, ‘పక్కనుండాలి’ అని. చూడనివ్వడం మన పని అన్నారు తప్ప లోపలికి పంపించి మనం కాఫీ తాగుతూ బయట కూర్చోమని అనలేదు. ఇంట్లో నెట్‌ఫ్లిక్స్‌కి పిన్ పెట్టుకోవచ్చు, మేమూ పెట్టాం, మా వాడు ఎప్పుడో కనిపెట్టేశాడు, పెళ్ళిరోజు తేదీ పెడితే కనిపెట్టడా మరి.

(నవ్వులు)

వాడెలాగూ ఫ్రెండ్ ఇంట్లో సగం చూసేశాడు. ఈసారి మొత్తం నా పక్కన చూడమన్నాను. మా అమ్మాయిని మాత్రం ఒక సీన్ దగ్గర లేపేశాను, జూలో గొరిల్లా సీన్, హీరో సెల్ఫీ కోసం గొరిల్లా ఉన్నచోట్లోకి దిగుతాడు, ఆ తర్వాత జరిగేది ఈ మైక్‌లో చెప్పలేను. గొరిల్లా అంటే వేషం వేసుకున్న మనిషేలెండి. ‘పైకెళ్ళి నా కళ్ళజోడు తీసుకురా’ అన్నాను. ‘నీ తలమీదే ఉంది’ అంది. ‘ఇంకోటి’ అన్నాను. అది నవ్వుకుంటూ వెళ్ళింది, ఎందుకు పంపిస్తున్నానో దానికి తెలుసు, దానికి తెలుసని నాకు తెలుసు, పంపడం మాత్రం పంపాను. తర్వాత మా వాడు నా వైపు తిరిగి, ‘నువ్వు కూడా వెళ్ళు అమ్మా, ప్లీజ్’ అన్నాడు. వాడికి సిగ్గు, నాతో కలిసి చూడాలంటే. ఆ సిగ్గు ఉండటం నాకు బాగానే అనిపించింది, నేను మాత్రం కదల్లేదు.

ఇంకో సంగతి, ఈ సినిమాలో అన్నీ నాకు నచ్చలేదు. పనిలో ఉన్నవాళ్ళ మీద చేసిన ప్రాంకులు నాకు ఇబ్బందిగా అనిపించాయి. ఒక జ్యూస్ షాపులో హీరో మిక్సీలో చెయ్యి పెట్టేసి రక్తం ఎగజిమ్మే సీనుంది, దొంగ రక్తమే అనుకోండి, జ్యూస్ కోసం వచ్చినవాళ్ళు హడలిపోయారు. కస్టమర్ అయితే పారిపోవచ్చు, కౌంటర్ వెనకున్నవాళ్ళు పారిపోలేరు కదా. బార్‌లో వాంతి సీను కూడా అంతే, ఎవరో ఒకరు తుడుస్తారు, ఎవరు తుడిచారో మనకి చూపించరు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఇక్కడే ఒక సాండ్‌విచ్ షాపులో రాత్రి షిఫ్టు చేశాను, అందుకని నాకు తుడిచేవాళ్ళ మీదకే పోతుంది చూపు. అట్లాంటాలో బార్బర్ షాపులో ఒక ప్రాంక్ చేస్తే అక్కడున్నాయన కత్తి తీసి మీదకొచ్చాడని, షూటింగ్ మొదట్లోనే, ఎరిక్ ఆండ్రే తనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు, లిల్ రెల్ దాదాపు సినిమా వదిలేసి వెళ్ళిపోయేవాడట. చుట్టూ సిబ్బంది, సెక్యూరిటీ, అన్నీ ఉన్నచోట సంగతది.

ఇది నేను మా వాడికి చెప్పాను. ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, సినిమా అయిన వారంలోనే వాడూ వాడి ఫ్రెండ్స్ ఒక ప్లాన్ వేశారు. ఇండియన్ గ్రోసరీ స్టోర్‌కి వెళ్ళి, బిల్లింగ్ దగ్గర ఉన్న ఆంటీతో, పది కిలోల బియ్యం బస్తాలో పాముంది అని చెప్పి, ఒకడు బస్తా దగ్గర కింద పడి గిలగిలా కొట్టుకోవాలి, ఇంకొకడు ఫోన్‌లో తియ్యాలి. నేను వద్దనలేదు, కూర్చోబెట్టి అడిగాను. ‘ఇందులో ఎవడి పరువు పోతోంది?’ అని. వాడు ఆలోచించి, ‘కింద పడ్డవాడిది’ అన్నాడు. ‘బస్తా చిరిగితే?’ ఏం మాట్లాడలేదు. ‘ఆ ఆంటీ పొద్దున తొమ్మిదింటి నుంచీ నిలబడే ఉంది, ఆవిడ వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఎవర్ని తిడతారు?’ ‘ఆంటీని.’ ‘మరి చివర్లో నువ్వు కాగితం ఇచ్చి సంతకం అడుగుతావా?’ ‘మామ్, ఇట్స్ జస్ట్ ఎ ప్రాంక్’ అన్నాడు. అన్నాడుగానీ ప్లాన్ మార్చాడు. చివరికి ఏం చేశారంటే, నలుగురూ పంచెలు కట్టుకుని మాల్‌కి వెళ్ళి ఎస్కలేటర్ దగ్గర వచ్చేపోయేవాళ్ళకి వంగి వంగి దణ్ణాలు పెట్టారు, వెడ్డింగ్ రిసెప్షన్ ఇక్కడే రండి రండి అని. ఒక తెల్లావిడ నిజంగానే గిఫ్ట్ ఎక్కడివ్వాలి అని అడిగిందట. మా వాడి పంచె మధ్యలో ఊడింది. ఆ వీడియో నా దగ్గరుంది, వాడి పెళ్ళికి వేస్తాను.

(నవ్వులు, చప్పట్లు)

నవ్వుతున్నాం కానీ ఒక రెండు నిమిషాలు సీరియస్‌గా వినండి, ఎందుకంటే ఇది టెక్సాస్, చాలా ఇళ్ళల్లో తుపాకులుంటాయి. 2025 ఆగస్టు ఆఖర్లో మన పక్కనే హ్యూస్టన్‌లో పదకొండేళ్ళ పిల్లాడు ఎవరిదో ఇంటి బెల్లు కొట్టి పారిపోతుంటే తుపాకీతో కాల్చారు, పిల్లాడు చనిపోయాడు. బెల్లు కొట్టి పారిపోవడం, మనందరం చిన్నప్పుడు చేసిన పనే కదండీ. 2020 జనవరిలో కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు అలాగే బెల్లు కొట్టి కార్లో వెళ్ళిపోతుంటే ఆ ఇంటాయన వెంటబడి కారుతో గుద్దాడు, పదహారేళ్ళ వాళ్ళు ముగ్గురు పోయారు, 2023లో ఆయనకి హత్యానేరం రుజువైంది. భారత సంతతి మనిషి అని మన పేపర్లలో కూడా వేశారు. అదే 2023 ఏప్రిల్‌లో వర్జీనియాలో ఒక మాల్‌లో, ప్రాంక్ వీడియోలు తీసే కుర్రాడు డెలివరీ పని చేసుకుంటున్న మనిషి మొహం దగ్గర ఫోన్ పెట్టి, ఆయన వద్దు వద్దు అంటున్నా వదల్లేదు, ఆయన కాల్చాడు, కుర్రాడు బతికాడు. కావాలని తీవ్రంగా గాయపరిచాడన్న పెద్ద నేరం కింద జ్యూరీ ఆయన్ని దోషి కాదంది. ఆ కేసు గురించి మా వాడితో చాలాసేపు మాట్లాడాను. అక్కడ పరువు పోయింది ఎవరిదో చూడు, ఆ డెలివరీ మనిషి ఏమైనా అడిగాడా వీణ్ణి, అని. ‘బ్యాడ్ ట్రిప్’లో హీరో తనే బట్టలూడదీసుకుంటాడు, ఎదుటివాడివి లాగడు. ఆ తేడా మా వాడికి లెక్చర్ ఇస్తే ఎక్కేది కాదు, నాతో పాటు ఆ సినిమా చూశాడు కాబట్టి మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ ఒక చోటు దొరికింది.

యూట్యూబ్ వాళ్ళు కూడా 2019 జనవరిలో రూల్ పెట్టారు, ఎదుటివాళ్ళు ప్రాణం పోతోందనుకునేలా భయపెట్టే ప్రాంకులు, చిన్నపిల్లల మనసుని బాగా గాయపరిచే ప్రాంకులు వెయ్యకూడదని. రూల్ పెట్టినంత మాత్రాన ఆగాయా అంటే మీకే తెలుసు. మన హైదరాబాద్‌లో 2022లో ఒక హీరో సినిమా పబ్లిసిటీ కోసం ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద ఒక కుర్రాడు కారుకి అడ్డం పడి చచ్చిపోతానని గోల చేశాడు, తర్వాత ప్రాంక్ అని తేలింది, కంప్లైంట్లు, టీవీ డిబేట్లు, అదో పెద్ద రచ్చ. సినిమా కంటే ఆ రచ్చే ఎక్కువ రోజులు ఆడింది అని నా అనుమానం.

పెద్దవాళ్ళం మనమేం తక్కువ తిన్నామా. వాట్సాప్‌లో వస్తుంటాయి చూడండి, మూడేళ్ళ పిల్ల నెత్తి మీద గుడ్డు పగలగొట్టి, పిల్ల బిక్కమొహం వేస్తే తల్లి పగలబడి నవ్వడం. టీవీలో రాత్రి షో చేసే జిమ్మీ కిమ్మెల్ 2011 నుంచి హాలోవీన్‌కి, అదే పిల్లలు ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పోగేసుకునే పండక్కి, ఒకటి చేయిస్తూ వచ్చాడు, నీ చాక్లెట్లన్నీ నేనే తినేశాను అని పిల్లలకి అబద్ధం చెప్పి వాళ్ళ ఏడుపు వీడియో తీసి పంపమని. అందరూ ముద్దుగా ఉంది అంటారు. నాకు ఎరిక్ ఆండ్రే బట్టల్లేకుండా నిలబడితే ఇబ్బంది అనిపించలేదుగానీ ఆ చాక్లెట్ల వీడియో చూస్తే అనిపిస్తుంది. మేరీలాండ్‌లో ఒక జంట ఇంకా ముందుకెళ్ళి పిల్లల మీద రోజూ ప్రాంకులు తీసి యూట్యూబ్‌లో డబ్బు చేసుకున్నారు, 2017లో ఇద్దరు పిల్లల్ని వాళ్ళ దగ్గర్నుంచి తీసుకెళ్ళిపోయారు. ఏ రేటింగ్ బోర్డూ వాటికి ఆర్ అని వెయ్యదు, కుటుంబ వినోదం అని పెట్టుకుంటారు పైన.

సరే, టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, గుత్తొంకాయ కూడా చల్లారిపోతుంది. ఎవరికైనా ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను. ఆఁ చెప్పండి అన్నయ్యగారూ.

(శ్రోతల్లోంచి: మా వాడు ‘జాకాస్’ చూసి గ్యారేజ్ పైనుంచి ట్రాంపొలిన్ మీదకి దూకుతానంటున్నాడమ్మా, దానికేం చెయ్యమంటావు?)

దానికి ఒకటి చూపించండి అన్నయ్యగారూ. 2022లో వచ్చిన ‘జాకాస్ ఫరెవర్’లో జానీ నాక్స్‌విల్‌ని ఎద్దు ఎత్తి పడేస్తుంది. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. చెయ్యి విరిగింది, పక్కటెముక విరిగింది, మెదడులో రక్తస్రావం అయింది, తర్వాత చాలా కాలం మనిషి కోలుకోలేదని ఆయనే చెప్పుకున్నాడు. పక్కన మెడికల్ టీమ్ ఉండగా అయిన సంగతి అది. దాంతో పాటు మీ ఇన్సూరెన్స్ డిడక్టిబుల్, అదే ఆస్పత్రి బిల్లులో ముందు మన జేబులోంచి కట్టాల్సిన డబ్బు, ఎంతో ఆ అంకె కూడా మీ వాడి చేతికివ్వండి, రెండోది ఎక్కువ పని చేస్తుంది, మా ఇంట్లో అయితే అలాగే అయింది.

(శ్రోతల్లోంచి ఒక ఆవిడ: అక్కా, మా అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు, ఆరు నెలలు ఉంటారు. ఆవిడ ఉండగా ఇలాంటివి ఎలా చూస్తాం?)

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మా అత్తగారు కూడా వచ్చారు అప్పుడు. ఆవిడ పడుకున్నారని చెప్పి మెల్లగా వాల్యూమ్ తగ్గించి ‘బ్యాడ్ గ్రాండ్‌పా’ పెట్టుకున్నాం మేమందరం. కాసేపయ్యాక మంచినీళ్ళ కోసం వచ్చి నిలబడి చూశారు, ఆ ముసలాయన చేస్తున్న పనులన్నీ. మేం రిమోట్ కోసం వెతుక్కుంటున్నాం, అది ఎవరి కిందో ఉండిపోయింది. ఆవిడ చాలాసేపు చూసి, ‘ఈయన అచ్చం మీ చినమామయ్య లాగే ఉన్నాడే’ అని, జరగమని చెప్పి సోఫాలో కూర్చున్నారు. కాబట్టి చెల్లీ, మీ అత్తగారి గురించి నువ్వు పెట్టుకున్న భయంలో సగం తీసెయ్. గొరిల్లా సినిమా మాత్రం ఆవిడ ఇండియా వెళ్ళాకే పెట్టుకో. పదండి భోంచేద్దాం.